కిటికీ వెనక సాక్షి

నాలుగేళ్ల కిందట కోనసీమలో ఒక కాలేజీలో పీజీ పిల్లలకి తులనాత్మక సాహిత్యం చెప్తూ హార్పర్ లీ నవల ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ తీసుకున్నాను. 1960లో వచ్చిన ఆ నవల కథ మనలో చాలామందికి తెలిసిందే. 1930ల నాటి అమెరికా దక్షిణాది. అలబామా రాష్ట్రంలో మేకోంబ్ అనే కల్పిత పట్టణం. టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి కూలీ తన మీద అత్యాచారం చేశాడని మయెల్లా ఎవెల్ అనే పేద తెల్లజాతి అమ్మాయి కేసు పెడుతుంది. ఊరు ముఖం చిట్లించినా వకీలు ఆటికస్ ఫించ్ టామ్ తరఫున నిలబడతాడు. కొట్టినవాడు ఎడమచేతి వాటం మనిషని తేలుతుంది. టామ్ ఎడమచెయ్యి చిన్నప్పుడే పత్తి మరలో పడి పనికిరాకుండా పోయింది. రుజువు అందరి కళ్లముందూ ఉంది. అయినా జ్యూరీ టామ్‌నే దోషి అంటుంది. తర్వాత జైలు నుంచి పారిపోబోయాడంటూ అతన్ని కాల్చి చంపుతారు. ఒంట్లో పదిహేడు తూటాలు.

పిల్లలకి ఆటికస్ నచ్చాడు. తీర్పు తర్వాత అతను కోర్టు వదిలి వెళ్తుంటే పైన బాల్కనీలో నల్లవాళ్లంతా లేచి నిలబడే ఘట్టం చెప్పేటప్పుడు, ఎన్నిసార్లు చదివినా, నా గొంతు పట్టేసింది. అప్పుడు వెనక బెంచీలోంచి ఒకమ్మాయి అడిగింది: “మేడమ్, టామ్ భార్య ఏమైంది?”

హెలెన్ రాబిన్సన్. ముగ్గురు పిల్లల తల్లి. భర్త మీద కేసు పడగానే ఆమెకి కూలిపని ఇచ్చేవాళ్లు లేకుండా పోయారు. చివరికి టామ్ పాత యజమాని పని ఇచ్చినా, దారిలో ఎవెల్ ఇంటివాళ్లు రాళ్లు విసురుతారని మైలు దూరం చుట్టూ తిరిగి నడుస్తుంది. అంతే. కోర్టులో ఆమె సాక్ష్యం లేదు. ఆమెకి ఏం తెలుసో ఎవరూ అడగరు. నవల మూడుసార్లు చదివిన నేను ఆమె గురించి ఒక్కసారీ ఆగి ఆలోచించలేదు.

ఆ అమ్మాయి ఇంకో ప్రశ్న కూడా వేసింది. “ఇలాంటి నవల మన తెలుగులో ఉందా మేడమ్?” చూసి చెప్తానన్నాను. ఈ వ్యాసం ఆలస్యంగా ఇస్తున్న ఆ జవాబు.

ధైర్యం ఎవరి సొత్తు?

ముందు ఆటికస్ సంగతి. ఆ నవలలో నైతిక ధైర్యమంటే ఒక మంచి వకీలు, మగవాడు, తెల్లవాడు. అతని ధైర్యం నిజమే. కానీ ఓడిపోయినా అతను ఇంటికెళ్లి పడుకోగలడు. మళ్లీ ఎన్నికల్లో అతన్నే శాసనసభకి ఎన్నుకుంటారు. టామ్‌కి, హెలెన్‌కి ఆ వెసులుబాటు లేదు.

నవలలో ఒకచోట జెమ్ తండ్రిని అడుగుతాడు, మన మిస్ మౌడీలాంటి వాళ్లు జ్యూరీలో ఎందుకు కూర్చోరని. అలబామాలో ఆడవాళ్లు జ్యూరీకి పనికిరారని ఆటికస్ చెప్తాడు. ఆడవాళ్లని కూర్చోబెడితే వాళ్లు ప్రశ్నలు వేస్తూ ఉంటారు, కేసు ఎప్పటికీ తెమలదు అని నవ్వుతాడు. అక్కడ ఆ రాష్ట్రంలో స్త్రీలకి జ్యూరీ హక్కు వచ్చింది 1966లో, నవల అచ్చయిన ఆరేళ్లకి. ప్రశ్న అడగడమే అనర్హత అయిన చోట, వెనక బెంచీ అమ్మాయి అడిగినలాంటి ప్రశ్నకి తావెక్కడ?

మయెల్లా అబద్ధం కూడా స్త్రీవాదులకి ముల్లులాంటిదే. అత్యాచారం జరిగిందని ఒక ఆడపిల్ల చెప్తే నమ్మకపోవడం ఇక్కడ న్యాయమవుతుంది. తండ్రి చేతిలో దెబ్బలు తినే ఆ పిల్ల తన కంటే కింద ఉన్నవాడి మీదికి ఆ నేరాన్ని తోసేసి బతకాలనుకుంటుంది. పితృస్వామ్యం, జాతి దురహంకారం ఎలా చేతులు కలుపుతాయో చూపించే పాత్ర అది. 1931లో అదే అలబామాని కుదిపేసిన స్కాట్స్‌బరో కేసులో తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్ల మీద ఇద్దరు తెల్లజాతి స్త్రీలు ఇదే ఆరోపణ చేశారు. వాళ్లలో ఒకరు, మిల్లు కార్మికురాలు రూబీ బేట్స్, 1933లో ముద్దాయిల తరఫునే బోనెక్కి తాను చెప్పింది అబద్ధమని ఒప్పుకుంది. జ్యూరీ ఆమె మాట నమ్మలేదు. చదువులేని, పరువులేని ఒక ఆడమనిషి తన మాట తానే వెనక్కి తీసుకోడానికి ఎంత ధైర్యం కావాలి! మేకోంబ్‌లో రూబీ బేట్స్ లేదు.

2015లో వచ్చిన హార్పర్ లీ రెండో పుస్తకం ‘గో సెట్ ఎ వాచ్‌మన్’లో ముసలి ఆటికస్ నల్లవాళ్లకి సమాన హక్కులొద్దనే సభలో కూర్చుని ఉంటాడు. ఎంతోమంది పాఠకుల గుండె పగిలింది. నాకు మాత్రం అతనిప్పుడే తెలిసిన మనిషిలా కనిపించాడు. ఒక కేసులో న్యాయంగా ఉండి, ఆ కేసుని పుట్టించే ఏర్పాటుతో రాజీపడి బతికే పెద్దమనుషులు మన ఊళ్లలో తక్కువా?

జాతి వేరు, కులం వేరు అని నాకు తెలుసు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటం మాత్రం కొత్తేమీ కాదు. గరిమెళ్ల సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్లదొరతనము’కి జవాబుగా 1921లో రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనము’ రాశారు. తెల్లదొరని వెళ్లమంటున్నారు సరే, మా నెత్తిన కూర్చున్న స్వదేశీ దొరల సంగతేమిటని ఆ పేరులోనే నిలదీశారు. ఒక ఆయుర్వేద వైద్యుడు రంగు మాటని తిప్పి కులం మీద గురిపెట్టాడు.

ప్లీడరు నాటకం నుంచి మధురవాణి దాకా

మన డెల్టాలో కోర్టు కథ చాలా ముందే మొదలైంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక భూమికి విలువొచ్చింది, భూమితో పాటు తగాదాలొచ్చాయి. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం ‘వ్యవహార ధర్మబోధిని’ రాసి 1880లో తన విద్యార్థులతో ఆడించారు. జనం దాన్ని ‘ప్లీడరు నాటకం’ అన్నారు. జనం మాట్లాడే భాషలో ప్లీడర్ల మాయలు, లంచాలు, కొనుక్కున్న సాక్ష్యాలు రంగం మీదికి వచ్చాయి. సాక్ష్యం అంగడి సరుకైందని ఆయన ఎగతాళి చేశారు. బాగుంది. కానీ సాక్ష్యం కొనడానికి డబ్బులేని వాళ్లు, కోర్టు మెట్లదాకా రానేలేని వాళ్లు ఆ వ్యంగ్యానికి అందే మనుషులు కారు.

ఆ మరుసటేడు, 1881 డిసెంబర్ 11న, అదే ఊళ్లో ఆయన తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ ధైర్యం గురించి మనకి పాఠాలున్నాయి. వెలి వేస్తే వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. అప్పుడు గోదావరి నుంచి బిందెలతో నీళ్లు మోసి, వచ్చినవాళ్లకి వండిపెట్టింది ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ. ఈ వాక్యం పాఠాల్లో ఎప్పుడూ చివరనే వస్తుంది.

గోదావరి దాటి ఉత్తరానికి వెళ్తే విజయనగరంలో గురజాడ ‘కన్యాశుల్కం’. 1892లో ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో ఇప్పుడు మనం చదువుతున్న రూపానికొచ్చింది. దీన్ని మనం కోర్టు కథగా చదవం. చదవాలి. కొత్త పెళ్లికూతుర్ని చంపాడని లుబ్ధావధాన్ల మీద ఖూనీ అనుమానం. అతన్ని కాపాడాలని తాపత్రయపడే వకీలు సౌజన్యారావు పంతులు. మన సాహిత్యంలో ఆటికస్ లాంటి వాడు ఎవరంటే ఆయనే: నిజాయితీపరుడు, సంస్కర్త. అయితే కేసుని తేల్చే నిజం ఆయన దగ్గర లేదు. ఆ పెళ్లికూతురు ఆడపిల్లే కాదు, వేషం వేసిన కుర్రాడని తెలిసింది మధురవాణికి. ఆ నిజం చెప్పడానికి ఆమె మగవేషం వేసుకుని ఆయనింటికి వెళ్లాలి. వేశ్యల ముఖం చూడనని వ్రతం పట్టిన మనిషి గుమ్మం ఆడవేషంలో దాటలేదు కదా!

ఈ ఘట్టాన్ని సాధారణంగా మధురవాణి చమత్కారంగా చెప్పుకుంటాం. నాకిప్పుడు అది సాక్షి ఘట్టంగా కనిపిస్తోంది. ప్రాణం కాపాడే నిజం ఉన్న మనిషికి, ఆ నిజం చెప్పే అర్హత లేదు. పుట్టుక ఆమె నోరు నొక్కేసింది. నిజం వినాలంటే ముందు ఆ మంచివకీలు తన వ్రతం వదులుకోవాలి. సంస్కర్తకి ఉండే దురభిప్రాయాన్ని కూడా బోనులో నిలబెట్టిన రచన అది. 1909లో మన భాషలో.

బారిష్టరు రాసిన నవల

ఉన్నవ లక్ష్మీనారాయణ ఐర్లండులో బారిష్టరు చదివి వచ్చినవారు. 1922లో అచ్చయి, ప్రభుత్వ నిషేధానికి గురైన ‘మాలపల్లి’లో న్యాయవాదే కథానాయకుడై ఉంటే మనం ఆశ్చర్యపోం. కానీ కథానాయకుడు వకీలు కాడు. సంగదాసుని భూస్వామి చౌదరయ్య చంపేస్తాడు. చట్టం అతని జోలికి పోదు. చనిపోయినవాడి తల్లిదండ్రులు రామదాసు, మహాలక్ష్మి జైలుకెళ్తారు. కోర్టుని లోపలి నుంచి తెలిసిన మనిషి రాసిన నవలలో కోర్టు బాధితుడు చేరలేని చోటు. అందుకే మనకి మాకింగ్‌బర్డ్ లాంటి నవల లేదేమో అనిపిస్తుంది. అక్కడ టామ్‌కి అన్యాయమైనదే అయినా ఒక విచారణ జరిగింది. ఇక్కడ మా వైపు ఊళ్లలో చాలా కేసులు పెద్దమనిషి ఇంటి అరుగు మీదే రాజీలై పోయాయి. విచారణ లేని చోట విచారణ నవల ఎలా పుడుతుంది?

కోనసీమలో ఒక కుటుంబం

మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న నాటకం ‘పాలేరు’ 1940ల్లో ఊరూరా ఆడింది. భూస్వామి దగ్గర పనిచేసే దళిత కుర్రవాడు చదువుకుని అధికారి అవుతాడు. ఆ నాటకం చూసి పిల్లల్ని పనికి మాన్పించి బడికి పంపిన తల్లిదండ్రుల గురించి మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. తీర్పు చెప్పే కుర్చీలో మనవాడు కూర్చుంటే తప్ప న్యాయం కదలదని దాని నమ్మకం.

కందికుప్పలో 1939లో పుట్టిన బొజ్జా తారకం గారు న్యాయవాది అయ్యారు, హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు దాకా వెళ్లారు. 1985 జూలైలో, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, మంచినీళ్ల చెరువు దగ్గర మున్నంగి సువార్త అనే దళిత స్త్రీ అన్యాయాన్ని ప్రశ్నించి, తన మీదికొచ్చిన వాళ్లకి బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు, 17న, పేట మీద దాడి జరిగింది. ఆరుగురు దళితుల్ని చంపారు, స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. తారకం గారు ప్రభుత్వ పదవికి రాజీనామా చేసి వచ్చి బాధితుల పక్కన నిలబడ్డారు. ఆటికస్ కోర్టు తనకి అప్పగించిన కేసు వాదించాడు. తారకం గారు కోర్టు తనకిచ్చిన కుర్చీనే వదులుకున్నారు. ఈ తేడా చిన్నది కాదు. అయినా వరస మర్చిపోకూడదు: ముందు సువార్త బిందె ఎత్తింది, ఆ తర్వాతే వకీలు రాజీనామా.

ఆ కేసు 2008 డిసెంబర్లో సుప్రీంకోర్టు తీర్పు దాకా, ఇరవై మూడేళ్లు నడిచింది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపినప్పుడు బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టుని తమ ఊళ్లోనే పెట్టించుకున్నారు. దేశంలో అదే మొదటిసారి. 2007 జూలై 31న న్యాయమూర్తి అనీస్, ఒక స్త్రీ, 21 మందికి యావజ్జీవ శిక్ష వేశారు. 2014లో హైకోర్టు ఆ శిక్షల్ని కొట్టేసింది. సాక్ష్యాలు నమ్మదగినట్టు లేవంది.

ఈ కథలో మనం తరచూ వదిలేసే మనిషి ఇంకొకరున్నారు. భీమన్న గారి కూతురు, తారకం గారి సహచరి బి. విజయభారతి గారు. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ తీసుకుని, తెలుగు అకాడమీలో పనిచేసి, అంబేడ్కర్ జీవితాన్ని తెలుగులో రాసి, ‘పురాణాలు – కులవ్యవస్థ’ పేరుతో వరసగా పుస్తకాలు తెచ్చారు. తండ్రి నాటకం రాశారు, భర్త కోర్టులో వాదించారు, ఆమె పురాణాల్నే బోనెక్కించారు. ఎవరు ఎవర్ని ఎందుకు చంపారో, ఎవరి మాట ఎందుకు అబద్ధమైందో కథల్లోంచి తవ్వి అడిగారు. 2024లో ఆమె వెళ్లిపోయారు. సాహిత్యంలో పీహెచ్‌డీ చేసిన నాలాంటి వాళ్లెంతమంది ఆమె పుస్తకాల్ని మన పరిశోధనల్లో ఉటంకించాం? నా సిద్ధాంత గ్రంథంలో ఒక్కచోట కూడా లేదు.

ఇరవై ఏడేళ్లు

గోదావరి జిల్లాల్లోకే తిరిగి వస్తాను. 1996 డిసెంబర్ 29న రామచంద్రపురం మండలం వెంకటాయపాలెంలో ఐదుగురు దళితుల్ని హింసించి, వాళ్లలో ఇద్దరికి గుండు కొట్టించారు. ఆ కేసులో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు శిక్ష వేసింది 2024 ఏప్రిల్ 16న. పద్దెనిమిది నెలల జైలు. శిక్ష పడినవాళ్లలో ఒక ప్రజాప్రతినిధి ఉన్నాడు. తప్పొప్పుల మాట పైకోర్టులు చూసుకుంటాయి. నాకు అంతుపట్టనిది ఆ మధ్యలోని కాలం. జుట్టు నెల తిరిగేసరికి మొలుస్తుంది. ఇరవై ఏడేళ్ల పాటు అదే మండలంలో, అవే రోడ్ల మీద తిరుగుతూ, అవే పొలాల్లో పనికి వెళ్తూ, “ఇంకెందుకురా, రాజీపడు” అనే మాటలు వింటూ అదే సాక్ష్యం మీద నిలబడటం ఎలాంటిది? ఆ ఇళ్లలో ఆడవాళ్లు ఏమన్నారు? ఎవరి కూలి ఆగింది? ఏ పిల్ల పెళ్లి సంబంధం తప్పింది? హెలెన్ చుట్టూ తిరిగి నడిచిన ఆ మైలు దూరం ఇక్కడ ఇరవై ఏడేళ్లు.

1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, బాధితులకీ సాక్షులకీ రక్షణ, దారిఖర్చు, నష్టపోయిన రోజుల పోషణ హక్కుగా రాసింది. చట్టానికి కూడా చివరికి అర్థమైందన్నమాట, కేసు బతికేది వకీలు వాదన మీద కాదు, సాక్షి ఇంటి పొయ్యి మీద అని. నవలలకి ఇంకా అర్థం కాలేదు.

నన్నెవరడిగేరే?

ఇప్పుడు మా ఇంటి సంగతి. చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే నేనూ అరుగు మీది పెద్దమనిషినే అవుతాను.

మా అమ్మమ్మ వాళ్లది డెల్టాలో కాలవగట్టున ఒక ఊరు. తాతయ్య పాతిక ఎకరాల రైతు. వెనక బెంచీ అమ్మాయి ప్రశ్న గురించి ఒక వేసవిలో అమ్మమ్మకి చెప్పాను. ఆవిడ విస్తరాకు కుడుతూ విని, చాలాసేపటికి అంది: “మన ఇంట్లోనూ ఒకటయ్యిందే.”

ఊడ్పుల రోజులట. పేట నుంచి పనికొచ్చే ఒకామె. వయసులో ఉన్న మనిషి. మా బంధువుల కుర్రాడొకడు పశువుల పాకలో ఆమె మీద చెయ్యి వేశాడు. ఆమె అరిచింది, కొడవలి తీసింది, అతని భుజానికి తగిలింది. మర్నాడు అరుగు మీద పంచాయితీ. కొడవలితో కొట్టిందనే మాటే తప్ప ఎందుకు కొట్టిందో వినేవాళ్లు లేరు. “చూసినవాళ్లెవరైనా ఉన్నారా?” అని తాతయ్య అడిగాడట. ఎవరూ లేరు. ఆమె కుటుంబానికి ఒక బస్తా ధాన్యం ఇచ్చి, ఆ మందు ఖర్చులు వాళ్ల కూలిలో విరగ్గోసి, రాజీ చేశారు. ఆ ఏడే వాళ్లు ఊరొదిలి వెళ్లిపోయారు.

“నేను చూసేనే” అంది అమ్మమ్మ. “వంటింటి కిటికీలోంచి. మొత్తం చూసేను.”

“మరి చెప్పలేదేం అమ్మమ్మా?”

ఆవిడ నా వైపు చూడలేదు. “నన్నెవరడిగేరే?”

ఆ మాటలో ఎంత నిజముందో అంత తప్పించుకోడమూ ఉంది. అరుగు మీదికి ఆవిడ రాకూడదు. వచ్చి చెప్తే ఇంట్లో ఏమయ్యేదో ఊహించగలను. ఆడవాళ్ల నోరు నొక్కిన పితృస్వామ్యం అని నేను తేలిగ్గా రాసేయగలను. కానీ ఆ నిశ్శబ్దం వల్ల ఊరొదిలి వెళ్లింది అమ్మమ్మ కాదు. ఆ కిటికీ ఇటువైపు అన్నం ఉంది, అటువైపు లేదు. రూబీ బేట్స్‌కి మా అమ్మమ్మకి మధ్య దూరం ఎంతో నాకు అప్పుడు తెలిసింది.

ఆ కథ విని వారం రోజులు నిద్రపట్టలేదు. కారణం అమ్మమ్మ ఒక్కతే కాదు. అంతకు రెండు నెలల ముందు మా స్టాఫ్ రూములో ఒక సహోద్యోగి, స్కాలర్‌షిప్ కాయితం మీద సంతకం కోసం వచ్చిన ఒకమ్మాయిని కులం పేరెత్తి ఒక మాట అన్నాడు. నేను పక్క బల్ల దగ్గర పేపర్లు దిద్దుతున్నాను. విన్నాను. ఆ అమ్మాయి ఫిర్యాదు ఇచ్చింది. విచారణ వేశారు. ఫిర్యాదులో నా పేరు లేదు కాబట్టి నన్ను పిలవలేదు. పిలవలేదు కాబట్టి నేను వెళ్లలేదు. ఆ అమ్మాయి ఎవరో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

సెలవుల తర్వాత నేను విన్నది రాసి ఇచ్చాను. అప్పటికే “ఇద్దరి మధ్యా సామరస్యంగా పరిష్కారమైంది” అని ఫైలు మూసేశారట. నా కాయితం ఆ ఫైల్లో చేరిందో లేదో తెలీదు. ఆ అమ్మాయికి దాని నకలు ఒకటి ఇచ్చాను. ఆమె చదివి మడిచి పుస్తకంలో పెట్టుకుంది. “తేదీ వేశారా మేడమ్?” అని మాత్రం అడిగింది. వేశాను. విన్న తేదీ, రాసిన తేదీ, రెండూ. ఆ రెంటి మధ్యా డెబ్భై మూడు రోజులు.

ఇలాంటి నవల తెలుగులో ఉందా అన్న ప్రశ్నకి నా జవాబు ఇది. మంచి వకీలు నవల మనకి లేకపోయినా ఫరవాలేదు. సువార్త నుంచి వెంకటాయపాలెం దాకా బోనెక్కిన వాళ్ల కథ వాళ్లే రాస్తున్నారు, రాస్తారు. 2003లో గోగు శ్యామల తెచ్చిన ‘నల్లపొద్దు’లో దళిత స్త్రీల గొంతులు విన్నవాళ్లకి ఆ సంగతి తెలుసు. అది మనం వాళ్ల తరఫున రాయక్కర్లేదు. మనం రాయాల్సింది ఇంకొకటుంది: కిటికీ ఇటువైపు నిలబడి అంతా చూసిన ఆడమనిషి కథ. ఎవరూ అడక్కపోయినా.